కొండ కావలి పోలిరాజు కూతురు

మా గోదావరి వాళ్ళకు ఒక జబ్బుంది. గోదావరి చేప తప్ప మిగతావి చేపలే కావనుకుంటాం. పెళ్ళయి స్టీల్ ప్లాంటు క్వార్టర్లకు కాపురానికి వచ్చిన కొత్తలో నాకూ ఆ జబ్బు బాగానే ఉండేది. దాన్ని కుదిర్చిన మనిషి, సముద్రం ఒడ్డున యారాడ నుంచి చేపలు తెచ్చి అమ్మే సీతాలు.

మొదటి రోజు మా గుమ్మంలో గంప దించి, నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం చూసింది. "ఏటమ్మా అలా మూసీసుకున్నావు? మీ గోదారి సేపలకి మట్టోసన, మా సేపలకి ఉప్పోసన. ఏ ఓసనా నేకపోతే అది సేపెలాగవుద్ది?" అంది. ఆ రోజు నుంచి నా పేరు గౌరీశ్వరి అన్న సంగతి ఆవిడకు పట్టలేదు. నేను గోదారమ్మను, ఆవిడ నాకు సీతాలమ్మ.

నోరున్న మనిషి. కానాగంత చేపలను ముక్కలు చిన్నవిగా కొయ్యమంటే "పచ్చడి పెడతావా?" అని తిట్టేది. నిన్నటి చేపను ఇవాళ్టిదని ఎన్నడూ అమ్మలేదు. మొగుడు పడుచు వయసులోనే పోతే ఒక్క కూతుర్ని గంప మీద పెంచి, ఆ కూతురూ పోతే మనవరాలు మహేశ్వరిని మళ్ళీ అదే గంప మీద పెంచింది. బస్సు లేని రోజుల్లో యారాడ నుంచి కొండ దాటి గాజువాక దాకా నడిచొచ్చిన కాళ్ళవి. ఇన్ని కబుర్లు చెప్పే మనిషి, వాళ్ళ నాన్న ఊసెత్తితే మాత్రం గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. అలా రెండుసార్లు జరిగాక నేను అడగడం మానేశాను.

ఒక డిసెంబరులో నేవీ డే రిహార్సల్ కోసం విమానాలు క్వార్టర్ల మీదుగా బాగా కిందికి వెళ్ళాయి. సీతాలమ్మ మా మెట్ల కింద దూరి, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుండిపోయింది. నేను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. మంచినీళ్ళిస్తే తాగలేదు. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

వాళ్ళ నాన్న పోలిరాజు యారాడ కొండ మీద కావలి ఉండేవాడట. చేపల కావలి. పొద్దున్నే కొండెక్కి కూర్చుంటే, నీళ్ళ మీద రంగు మారిన చోటును బట్టి గుంపు ఎక్కడుందో, ఎటు పోతోందో ఆయనకు తెలిసేది. పైనుంచి గుడ్డ ఊపేవాడు. ఎడమకు ఊపితే తెప్పలు ఎడమకు తిరిగేవి, తల మీద గిరగిరా తిప్పితే ఉన్నపళంగా ఒడ్డుకు వచ్చేసేవి. సముద్రం మీద ఉన్నవాళ్ళకు ఆ గుడ్డే కళ్ళు. కొండ మీద మనిషి తిప్పిన గుడ్డను కాదన్న తెప్ప ఊళ్ళో లేదు.

అంతలో జపాను యుద్ధం వచ్చింది. రంగూను పోయిందన్నారు, అండమాన్లు పోయాయన్నారు, బంగాళాఖాతంలోకి జపాను ఓడలు దిగాయన్నారు. ఎన్ని దిగాయో, ఎటు వస్తున్నాయో దొరలకు సరిగా తెలియదు. అందుకని తీరం పొడవునా కళ్ళున్న ప్రతివాడూ కావలసివచ్చాడు. కొండకు రేవు వైపున ఒక గుడిసె వేసి కావలి మనుషుల్ని పెట్టారు. పోలిరాజు చూపు సంగతి ఎవరో చెబితే ఆయన్ను పిలిపించి, చెక్కతో చేసిన ఓడ బొమ్మలు చూపించి నేర్పారు. పైన బల్లలా చదునుగా ఉంటే విమానాలు మోసేది, పొగగొట్టం ఇలా ఉంటే ఫిరంగులది. చేప తోకను చూసి జాతి చెప్పేవాడికి ఇదొక లెక్కా? రెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

దొరలు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఓడ కనిపిస్తే ముందు గుడిసెకు వచ్చి కబురు చెప్పాలి. వాళ్ళు సరేననే దాకా కొండ మీద గుడ్డ లేవకూడదు. లేస్తే కొండ మీద కావలి ఉన్నట్టు శత్రువుకు తెలిసిపోతుంది. పోలిరాజు సరేనని మాటిచ్చాడు.

"ఆ పొద్దున గంజి పట్టుకుని నానూ కొండెక్కినాను," అంది సీతాలమ్మ. "మాయన్న దొరబాబు తెప్ప మీదున్నాడు. ఒడ్డుకి ఎంతో దూరం నేదు, నాకే ఆడి తలపాగా కనిపిస్తంది. అయ్య సూపు మాత్రం ఎక్కడో ఉంది. పొగ, అన్నాడు. నెగిసి నిలబడ్డాడు. అయ్యా, గుడ్డ తిప్పి అన్నని పిలువు, అన్నాను. ముందు కబురు సెప్పాల, ఉండు, అని గుడిసెకేసి పరిగెట్టినాడు. ఆయన అలా ఎల్లినాడో నేదో ఇమానాలొచ్చీసినాయి."

ఊరి మీద బాంబులు పడ్డ ఆ రోజు గురించి విశాఖపట్నంలో అందరూ రేవు కథే చెబుతారు. యారాడ వాళ్ళు తెప్పల కథ చెబుతారు. ఒక విమానం నీళ్ళకు ఆనుతూ వచ్చి తుపాకులు పేల్చుకుంటూ పోయింది. దొరబాబు తెప్ప చెక్కలు రెండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు.

తల్లి, కూతురు, ఊరి ఆడవాళ్ళు ఒడ్డు పొడవునా వెతుకుతుంటే పోలిరాజు ఆ రోజంతా కనిపించలేదు. ఆ రాత్రీ రాలేదు. మర్నాడు పొద్దువాలాక వచ్చాడు. తల్లి అడిగింది ఒక్కటే మాట: "నీ కబురు అందిందా?" ఆయన "అందింది. రేవులో సానా మంది బతికినారు" అన్నాడు. తల్లి ఆ మాటనే పట్టుకుని తన కొడుకు పోయి పదిమందిని బతికించాడని చెప్పుకుంటూ మిగతా కాలం వెళ్ళదీసింది. సీతాలు మాత్రం ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు. తండ్రి మళ్ళీ కొండెక్కలేదు. ఊరు ఆయనకు దొరల పోలిరాజు అని పేరు పెట్టింది. గుమ్మంలో కూర్చుని వలలు అల్లుకుంటూ ముసలివాడై పోయాడు. ఒకే ఇంట్లో ఉండి, అన్నం కంచం ముందుకు తోసి, ఒక్క మాటైనా లేకుండా ఆయన పోయేదాకా. నాకైతే రెండు పూటలు కూడా సాధ్యం కాదు. అంత కోపాన్ని అన్నేళ్ళు మొయ్యాలంటే కిందనెంత ప్రేమ ఉండాలో అని అప్పుడే అనుకున్నాను.

మా ఆయన రిటైరయ్యాక మధురవాడ అపార్ట్‌మెంటుకు మారాం. సీతాలమ్మకు ఇప్పుడు తొంభై దాటాయి. గంప ఎప్పుడో దించేసింది. అయినా నెలకోసారి యారాడ వెళ్ళి చూసి వస్తుంటాను. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"గోదారమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఆ కబురు నిజంగా అందిందా, ఎవులికైనా అక్కరకొచ్చిందా, కనుక్కుని సెప్పగలవా? రేపో మాపో నానూ ఎల్తాను. అక్కడ మా అయ్య ఎదురొస్తే మాటాడాలో ఒద్దో తేల్చుకోవాల. అక్కరకొచ్చిందంటే, పోనీలే అనుకుని మాటాడతాను."

ఎనభై ఏళ్ళ కిందటి కబురు అందిందో లేదో ఎవరిని అడుగుతాం? కానీ మా అపార్ట్‌మెంటులోనే గురునాథరావుగారున్నారు. నేవీలో గూఢచార విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. జపాను ఓడల మాటెత్తితే చాలు, ఆయన వాకింగ్ ఆగిపోతుంది. కాఫీకి పిలిచి అంతా చెప్పాను. చెక్క బొమ్మల దాకా ఉత్సాహంగా తలాడించారు. గుడిసె మాట రాగానే కప్పు కింద పెట్టేశారు.

"ఆ గుడిసె సంగతి నాకు తెలుసండీ," అన్నారు. "నా పై ఆఫీసరు ఒకాయన కుర్రతనంలో అక్కడ పనిచేశారు. రిటైరయ్యే రోజున చెప్పారు. జపాను నౌకాదళం దగ్గరికి వచ్చేసిందని అంతకు ముందే వేరే దారిలో కబురు వచ్చిందట. కొండ మీది మనుషుల్ని రేవులోకి రమ్మన్నారు. గుడిసెకు తాళం వేసి వచ్చేశారు. కొండకు అవతలి వైపు కూర్చునే జాలరికి ఆ మాట చెప్పాలని ఒక్కరికీ తోచలేదు."

"మరి పోలిరాజు?" అన్నాను.

"అంతా సద్దుమణిగాక మర్నాడు సామాను కోసం వెళ్తే, ఆయన తాళం వేసిన తలుపు ముందే కూర్చుని ఉన్నాడట. ఏమిటని అడిగితే జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడట. మా ఆఫీసరు ఆ మాట చెప్పి ఏడ్చారు."

ఆ మనిషి ఏడిస్తే ఎవరికి కావాలి? దొరబాబుకు ఊపిరి వస్తుందా? నేను కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. గురునాథరావుగారు తల దించుకున్నారు. చివరికి ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. తొంభై ఏళ్ళ మనిషికి తాళం సంగతి ఎందుకు? అందింది అని చెబుదాం, తండ్రితో మాట్లాడుకుంటుంది, హాయిగా పోతుంది. నేవీ మనిషి నోటితో చెబితే నమ్ముతుందని ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళాను.

మహేశ్వరి అరుగు మీద చాప పరిచింది. సీతాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆయన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"బాబూ, మా అయ్య కబురు అందిందా?"

"అందిందమ్మా. చాలామంది బతికారు," అన్నారు గురునాథరావుగారు.

ఆవిడ తల ఊపింది. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"అయితే దొరలు గుడిసెలోనే ఉన్నారన్నమాట," అంది మెల్లగా. "కబురు ఇన్నారు. మరి సరే, ఇంక గుడ్డ ఊపుకో, అని ఆళ్ళు ఒక్క మాటంటే అయ్య ఎనక్కి పరిగెట్టుకొచ్చీవోడే. ఆయన అడగనేదు. కొడుకు నీళ్ళ మీదుంటే ఆళ్ళ కాడ కూకుండిపోనాడు. మర్నాడు పొద్దుగూకేదాకా కూకున్నాడు." పెదవులు బిగించింది. "ఇంకేటి తేలాల. నాను మాటాడను."

మా అబద్ధం ఏం చేసిందో నాకు అప్పుడు అర్థమైంది. మేము మంచి చేస్తున్నామనుకుని ఆ తండ్రి మీద ఉన్న నేరానికి సాక్ష్యం చెప్పి వచ్చాం. గురునాథరావుగారి వైపు చూశాను. ఆయన అప్పటికే చాప మీద ముందుకు జరిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"తప్పు చెప్పానమ్మా, క్షమించు. గుడిసెలో ఎవరూ లేరు. ముందే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మీ నాన్నగారికి చెప్పలేదు. ఆయన వెళ్ళేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. అంతలోనే విమానాలు వచ్చేశాయి. ఆయన ఎవరి దగ్గరా కూర్చోలేదు. ఆ తలుపు ముందు ఒక్కడే కూర్చున్నాడు."

"తాళమా?" అంది.

"అవునమ్మా."

"ఎవులూ నేరా?"

"ఎవరూ లేరు."

మహేశ్వరి టీ తెచ్చి, మా మొహాలు చూసి గ్లాసులు పక్కన పెట్టేసింది. సీతాలమ్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. చేతి వేళ్ళు చాప అంచును పీకుతూనే ఉన్నాయి.

"అందిందని మాయమ్మకి సెప్పినాడు," అంది. "అందనేదంటే ఆవిడ ఆ రోజే సముద్రంలో పడిపోయీది గదా, అందుకు సెప్పినాడు. ఊరు తిట్టిందంతా పడ్డాడు. నాకైతే నిజవే సెప్పీవోడు. నాను అడగనేదు. ఒక్కపాలి కూడా అడగనేదు."

"నీకు తెలియదు కదా సీతాలమ్మా," అన్నాను. ఎంత చేతకాని మాటో అంటుంటేనే తెలిసింది.

"అయ్య పోయీ రోజున గొంతెండిపోయి, నాకేసే సూసి సెయ్యి సాపినాడు. నీళ్ళ సెంబు నా సేతిలోనే ఉంది. పక్కింటి పిల్లకిచ్చి, నువ్వు పొయ్యే, అన్నాను. ఆయన నోరు మూసీసుకున్నాడు. ఆ పిల్ల ఎంత పోసినా తెరవనేదు. నాను పోస్తానని సూసినాడు. దాహంతోనే పోనాడు, గోదారమ్మా."