క్రాకోవ్‌లో బాకా ఆగాక

వెర్రిబీ వెళ్లే లోకల్ రైల్లో నా ఫోన్‌లో పోలండ్ నగరం క్రాకోవ్ మ్యాప్ చూసి, పక్క సీట్లోని తెలుగు పెద్దాయన పలకరించారు.

"హాలిడేనా అమ్మా? ఓల్డ్ టౌన్ అంతా రాళ్ల బాట, ఫ్లాట్ షూస్ వేసుకో. ట్రామ్ ఎక్కగానే టికెట్ మెషీన్‌లో పెట్టు, లేకపోతే ఫైన్ వేస్తారు. మా ఆవిడ ఉన్నప్పుడు వెళ్లాం."

"థాంక్స్ అంకుల్."

"గంటగంటకీ చర్చి టవర్ మీద బాకా ఊదుతారు. పాట మధ్యలోనే ఆపేస్తారు, అది వాళ్ల ఆచారం. వెంటనే వెళ్లిపోకు. ఊదినతను కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. మా ఆవిడైతే చుట్టాల్ని రైలెక్కించినట్టు ఊపింది."

చూపించబోయి చెయ్యెత్తారు. సగంలోనే దించేసి, తర్వాతి స్టేషన్లో దిగిపోయారు.

క్రాకోవ్‌లో బాకా ఆగింది. అతను చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. కిటికీ మూసుకున్నాక ఇంకోసారి ఊపాను.