గని అడుగున గంట ఆగిన మధ్యాహ్నం

"సర్, సగళం గేలం" అంది సంగీత. అంతా పోయిందని మరాఠీలో చెప్పడం. తెర మీద తప్పు జరిగినట్టు ఒక్క మాట లేదు. ఆమె కమాండ్ కొట్టింది, యంత్రం ఎదురు ప్రశ్న వేయకుండా పాటించింది. గని అడుగున నీళ్లు పెరిగితే మోగాల్సిన గంట ఇక మోగదు.

అది నా రిటైర్మెంటుకు ముందటి వానాకాలం. చంద్రపూర్ దగ్గర ఒక భూగర్భ బొగ్గుగనిలో కంప్యూటర్ విభాగం ఇన్‌చార్జిని. అంతకు చాలా ముందు కొన్నాళ్లు దినపత్రికలో పనిచేశాను. ఏది, ఎప్పుడు, ఎందుకు అని అడిగే అలవాటు అక్కడిదే. సంగీత నా విభాగంలో ప్రోగ్రామర్. బాబుపేట్‌లో పుట్టిన గని కార్మికుడి కూతురు, చదువంతా మరాఠీలో. కంగారుపడితే తెలుగు వెనక్కి పోతుంది.

మా సర్వర్ యూనిక్స్ తరహాది. అందులో క్రాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. నిమిషానికోసారి లేచి, క్రాన్‌ట్యాబ్ అనే పట్టిక చూసి, వేళ కుదిరిన పనులను నడిపి మళ్లీ నిద్రపోతుంది. ఏ పని ఏ వేళ, ఏ తేదీన, ఏ నెలలో నడవాలో పట్టికలో ఒక్కో వరుసగా రాసి ఉంటుంది. దాన్ని సవరించాలంటే కమాండ్ చివర 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం కొట్టాలి, మొత్తం తీసేయాలంటే 'ఆర్'. కీబోర్డు మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి; సంగీత వేలు 'ఈ'కి బదులు 'ఆర్' మీద పడింది. రోజూ డేటాకు నకలు తీసేవాళ్లం గాని, ఈ పట్టిక అందులో లేదు.

గనిలో ఊరే నీరంతా సంప్ అనే గుంటలోకి చేరుతుంది. మా గనిలో అలాంటివి రెండు. వాటి నీటిమట్టాన్ని క్రాన్ ఐదు నిమిషాలకోసారి చదివించి, గీత దాటితే పంపు మనిషి దగ్గర గంట మోగించేది. బయట మూడు రోజులుగా ముసురు. సంప్ పొంగితే పక్కనున్న పల్లపు గ్యాలరీల్లోకి, అంటే బొగ్గు తవ్వే సొరంగాల్లోకి, నీళ్లు పోతాయి. ఆ షిఫ్టు వాళ్లు అక్కడే బొగ్గు తీస్తున్నారు.

మేనేజర్‌కు చెప్పాను. ఆయన వెంటనే ఆ షిఫ్టు ఓవర్‌మాన్‌కు, అంటే కింద మనుషులందరికీ బాధ్యుడికి, పల్లపు గ్యాలరీలు ఖాళీ చేయించమని చెప్పాడు. నేను పంపు దగ్గరున్న పోచంకు ఫోన్ చేశాను.

"పోచం మామా, గంట పనిజేస్తలేదు. నీళ్లను కండ్లతోనే చూస్కుంట ఉండు."

"ఇన్నేండ్లు ఆ గంట నన్ను కూసోనియ్యలే. ఇయ్యాల నన్నే గంటను జేసిన్రా సారూ?"

"నీ గొంతు దానికంటే పెద్దదే గదా."

"గొంతు సంగతి సరే. సంపులు రెండు, నేనొక్కణ్ని. జల్ది జెయ్యున్రి."

పట్టిక పోయినా క్రాన్ జాడ ఉంటుంది. తాను నడిపిన ప్రతి పనినీ, నడిపిన వేళతో సహా, లాగ్ అనే ఫైలులో రాసి పెడుతుంది. సంగీత దాన్ని తెరిచి, ఐదు నిమిషాలకోసారి కనపడుతున్న వరుసను పట్టుకుని పట్టికలో తిరిగి రాసింది. ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఫోన్ మోగింది.

"రెండో సంపుది కొట్టింది సారూ. నేను మొదటిదాని కాడున్న. అటు పోతున్న" అని పోచం పెట్టేశాడు.

పంపు నీళ్లు లాగడం మొదలుపెట్టేలోపే ఆ పక్క గ్యాలరీలో చీలమండల దాకా నీళ్లు వచ్చాయని తర్వాత తెలిసింది. అప్పటికి అక్కడ మనుషులెవరూ లేరు.

మిగతా పట్టికను లాగ్ నుంచి ఒక్కో వరుసగా ఏరుకున్నాం. అది ఎంతకీ తరగలేదు. షిఫ్టు మారగానే హాజరు సరిచూసే పని, వారానికోసారి గంట తీగలను పరీక్షించే పని, గంటకోసారి యంత్రం వేడిని గమనించే పని. కొన్నింటి పేరు కూడా నేను ఎన్నడూ వినలేదు.

"ఇదెవలు రాసిన్రు సర్?"

"నాకంటే ముందటోళ్లు."

"ఎందుకు నడుస్తది?"

"తెల్వది. ఉండనీ."

నా కుర్చీకి చేయి చాపితే అందే దూరంలో, ఎవరూ పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లుగా ఇంత పని జరుగుతూ వచ్చింది. ఆ వరుసలు రాసినవాళ్లు రిటైరై వెళ్లిపోయారు. వాళ్లు చెప్పిన వేళకు వాళ్ల పని మాత్రం రోజూ హాజరైంది.

పట్టికలో ఒక్కో పని పక్కన రాసిపెట్టిన వివరణలు లాగ్‌లోకి ఎక్కవు. కాబట్టి ఏం నడిచిందో దొరికింది, ఎందుకో దొరకలేదు. మేం నేర్చుకున్నది ఇంతే: పనులు నడిపే పట్టికకూ వేరే యంత్రంలో నకలు ఉండాలి, ఒక్కో వరుస ఎందుకుందో ఇద్దరికైనా తెలియాలి. ఆ వారమే రెండూ అమలు చేశాం.

లాగ్‌లో కొన్ని వారాల జాడే ఉంటుంది. పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఏడాదికోసారి మాత్రమే నడిచే పని ఏదైనా ఆ పట్టికలో ఉండి ఉంటే, అది మాకు దొరికే వీలు లేదు. ఇప్పుడు నా కుర్చీలో సంగీత ఉంది. అలాంటి పని ఉండేదో లేదో ఇంకా తేలలేదని మొన్న చెప్పింది.