తుడుము కింద తుడుము

పొద్దున్న మా అక్క కూతురు ఫోన్‌కి ఒక పాట పంపింది. అరకులో టూరిస్టుల ముందు దింసా ఆడే వాళ్ళ జట్టు పాట. తుడుము చప్పుడుకి బరువు లేదు, కాస్త సరిచేసి బేగి పంపు మావయ్యా అంది. కంప్యూటర్ ముందు కూర్చున్నాను గానీ చెయ్యి ముందుకి సాగలేదు. పాత సంగతులే గుర్తొచ్చాయి. నా చదువు ఐదో తరగతితో ఆగింది, ఇలా రాయడం ఇదే మొదలు. క్యాసెట్‌లో రీలు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పిన నా వయసు వాళ్ళు తప్పులు సర్దుకుని చదువుతారని ధైర్యం.

వయసులో ఉండగా నేను సాలూరులో ఒక సౌండుబాక్సుల షాపులో పనిచేశాను. షావుకారు గారు కొండ కింద ఊళ్ళ నుంచి వచ్చినాయన, కోపం ఎక్కువ గానీ పని దాచుకోకుండా నేర్పేవాడు. అక్కడ మానేసి వచ్చేటప్పుడు ఒక పాత కంప్యూటరు, ఒక మైకు తెచ్చుకుని, మా ఇంట్లోనే గోడలకి కంబళ్ళు వేలాడదీసి మా వాళ్ళ పాటలు రికార్డు చేసేవాణ్ణి. కాఫీ పళ్ళు ఏరడం అయిపోయాక ఆడవాళ్ళు వచ్చి పాడేవారు, పాడిన దానికంటే నవ్విందే ఎక్కువ ఉండేది.

దింసాలో కాలికి దెబ్బ చెప్పేది తుడుమే, మా ఊళ్ళో ఆ తుడుము మా బావది, అంటే అక్క మొగుడిది. ఒక ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు, అక్కే నాకు చెప్పింది. చైత్రం పండగ దగ్గర పడుతోంది, తుడుము లేకపోతే కుర్రాళ్ళు సాలూరు నుంచి డీజే తెస్తామని కూర్చున్నారు, అది వస్తే ఇక దింసా ఉండదని అక్క భయం. అందుకని చెయ్యి పూర్తిగా పోకముందే బావ దెబ్బని రికార్డు చేద్దామనుకున్నాం.

తుడుము చర్మాన్ని మంట దగ్గర కాచి బిగిస్తే గానీ మోగదు. గదిలో మంట పెడితే చిటపటలు మైకులో పడతాయి, మంట లేకపోతే మంచుకి చర్మం సాగిపోతుంది. పాపం బావ బయటికెళ్ళి కాచుకోవడం, లోపలికొచ్చి కొట్టడం, మళ్ళీ వెళ్ళడం. అయినా కొన్ని దెబ్బలు గట్టిగా, కొన్ని వినీ వినపడనట్టు పడ్డాయి. కంప్యూటర్లో కంప్రెసర్ అని ఒకటుంటుంది, పెద్ద చప్పుడిని అణిచి చిన్న చప్పుడిని దాని పక్కకి తెస్తుంది. నేను మొత్తం తుడుముని దాంతో గట్టిగా నొక్కేసి, గర్వంగా వినిపించాను.

"ఏటిరా, అన్నీ ఒక్కలాగే మోగుతున్నాయి. ఆడోళ్ళు కాలెక్కడ ఎయ్యాల?" అన్నాడు బావ.

"మీ బావ కొడితే తిట్టినట్టుంటాది. ఇదేటి, పంతులు ఎక్కాలు సెప్పినట్టుంది," అంది అక్క.

సిగ్గేసి షావుకారు గారికి ఫోన్ చేస్తే ముందు తిట్టి, తర్వాత చెప్పాడు. అసలుదాన్ని ముట్టుకోకూడదట. దానికే ఇంకో కాపీ తీసి, ఆ కాపీని పిప్పయ్యేదాకా నొక్కి, అసలుదాని కింద కొంచెం కొంచెంగా కలపాలట. పులుసులో బెల్లంలాగ, ఉన్నట్టు తెలియకూడదు, తీసేస్తే మాత్రం తెలియాలి అన్నాడు. అలాగే చేశాను. పైన బావ దెబ్బ బావ దెబ్బలాగే ఉంది, కింద నుంచి ఏదో దాన్ని ఎత్తి పట్టుకున్నట్టుంది. బావ ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. నేనే కొట్టినట్టుంది అని మాత్రం అన్నాడు.

పండగనాడు సౌండుబాక్సు పెట్టాం. ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు పట్టుకుని మొదలుపెట్టారు, కాళ్ళు సరిగ్గా పడ్డాయి, నా గుండె నిండింది. కాసేపటికి పెద్దవాళ్ళు ఆయాసపడ్డారు. బాక్సులో తుడుము ఆగలేదు. ఒక్కొక్కరే చెయ్యి వదిలేసి పక్కకి వచ్చేశారు, అక్క కూడా.

"ఆయనైతే మా కాళ్ళకేసి సూసి కొట్టీవోడు," అంది. "ఇది సూడదు కదరా."

బావ లేచి, బాక్సు ఆపమని నాకు చేత్తో సైగ చేసి, తుడుము తీసి ఎడంచేత్తో కొట్టాడు. చప్పుడు నాలుగడుగులు దాటలేదు. అది వినపడాలని ఆడవాళ్ళందరూ దగ్గర దగ్గరగా జరిగారు, వలయం బాగా చిన్నదైపోయింది, అయినా చాలాసేపు ఆడారు. డీజే మాట ఆ ఏడు ఎవరూ ఎత్తలేదు.

ఆయన కొట్టడం అదే ఆఖరు. ఇప్పుడు ఆయన లేడు, షావుకారు గారూ లేరు, అక్కకి చెవులు వినపడవు. పండగకి నా రికార్డే పెడుతున్నారు, కాళ్ళలో బలం ఉన్నవాళ్ళు ఆడతారు, మిగతావాళ్ళు అరుగుల మీద కూర్చుని చూస్తారు. నేను ఒక్కణ్ణే కంబళ్ళ గదిలో కూర్చుని, ఇలా ఎవరైనా పంపిన పాటల్లో ఒక తుడుము కింద ఇంకో తుడుము కలుపుతుంటాను, ఎంత కలపాలో చేతికి తెలుసు. చేసి పంపిస్తే అందరూ ఫోన్లో బొటనవేలు బొమ్మ పంపిస్తారు. ఇది బాగోలేదు, మళ్ళీ చెయ్యి అని ఒక్కరు అంటే ఎంత బాగుణ్ణో.