పరీక్షకు దాచిన పన్ను

దంతవైద్య కళాశాలలో సీటు రావడం ఒక ఎత్తు, ఆ సీట్లో కూర్చోనివ్వడం ఇంకో ఎత్తు. చేరే రోజు వాళ్లడిగిన కాగితాల పట్టిక చూసి మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్యే జుట్టు నెరిసిన మనిషి, కాగితాలకు బెదిరే రకం కాదు. టీసీ, మైగ్రేషన్, కులం, నివాసం సరే. పచ్చకామెర్ల టీకా వేయించుకున్నట్టు సర్టిఫికెట్, నా కళ్లు రంగులు గుర్తుపడతాయని కంటి డాక్టరు మాట, ర్యాగింగ్ చేయనని నా ప్రమాణం, మా అమ్మాయి చేయదని మా నాన్న ప్రమాణం, మధ్యలో మానేస్తే మా గతేమిటో చెప్పే బాండు. ఒరిజినల్స్ అన్నీ వాళ్ల బీరువాలోకి వెళ్లిపోయాయి. దొంగకు బెయిలివ్వడానికి కూడా ఇన్ని అడగరని నాన్న మెల్లగా అన్నారు.

పక్కనే స్టూడెంట్ సర్వీసెస్ అని ఒక అద్దాల గది ఉండేది. దాన్ని చూసుకునే మేడమ్ అంతకుముందు గచ్చిబౌలిలో ఏదో కంపెనీ హెచ్ఆర్‌లో పనిచేశారట, మాటల్లో ఆ వాసన ఇంకా పోలేదు. నిండా రంగులున్న పుస్తకం ఒకటి మా ముందు పెట్టి బస్సు, హాస్టలు, జిమ్, వైఫై, యోగా, ఒత్తిడికి కౌన్సెలరు, ప్రతి విద్యార్థికీ ఒక మెంటరు అని వరసగా వేలు పెట్టి చూపించారు. మేం పళ్లు చూడటం నేర్చుకోవడానికి వచ్చామో, విడిదికి వచ్చామో నాకు కాసేపు అర్థం కాలేదు. ఆ హాలు మొత్తంలో పనికొచ్చే ప్రశ్న అడిగింది మా నాన్న ఒక్కరే.

"పేషెంట్లు బాగా వస్తారా అండి ఇక్కడికి?"

మేడమ్ నవ్వారు. "చుట్టూ ఇంత పెద్ద ఐటీ కారిడార్ ఉందండి. నోళ్లకి కొదవా?"

నోళ్లకు కొదవ లేదు, నిజమే. కానీ మెడలో కార్డు వేసుకున్న నోళ్లకు ఇన్సూరెన్సు ఉంటుంది. పడుకుంటే పైకప్పులో టీవీ కనిపించే క్లినిక్కులు వాళ్ల ఆఫీసు కిందే ఉంటాయి. వాటిని వదిలేసి రింగు రోడ్డు దాటి, ఊరి చివర మా కాలేజీకి వచ్చి, చేతులు వణికే పిల్లల ముందు నోరు తెరవడానికి వాళ్లకేం ఖర్మ? మా దగ్గరికి వచ్చేది ఆ ఆఫీసుల గేట్లు కాసేవాళ్లు, నేలలు తుడిచేవాళ్లు, వాళ్ల కార్లు నడిపేవాళ్లు. వాళ్లు కూడా వాళ్లంతట వాళ్లు రారు. మూడో ఏడు ముగిసేసరికి అసలు సంగతి తెలిసింది. పేషెంటును మేమే తెచ్చుకోవాలి. చేరేటప్పుడు అన్ని షరతులు చెప్పినవాళ్లు ఈ ఒక్కటి మాత్రం చెప్పడం మరిచిపోయారు.

పీకిన పళ్లు ఇన్ని, పుచ్చు తీసి నింపిన పళ్లు ఇన్ని, కట్టిన పళ్ల సెట్లు ఇన్ని అని ప్రతివాడికీ ఒక కోటా. దాంతో మా చూపే మారిపోయింది. ఆటోవాడు ఆవలిస్తే నోట్లోకి తొంగిచూసేవాళ్లం. పెళ్లిళ్లలో బోసినోటి ముసలివాళ్లు కనిపిస్తే ప్రాణం లేచి వచ్చేది. నార్సింగిలో ఒక టీ బండి దగ్గర మా క్లాసువాళ్లు ఇద్దరు ఒకే వాచ్‌మన్ కోసం పోట్లాడుకున్నారు, ఆయన పై దవడ ఒకడికి, కింది దవడ ఇంకొకడికి అని రాజీ కుదిరింది. వీటన్నిటికంటే గొప్ప ఆచారం పన్ను దాచడం. పరీక్షకు పనికొచ్చే పుచ్చుపన్ను దొరికితే దాన్ని వెంటనే బాగుచేయకూడదు. పరీక్ష రోజు దాకా అలాగే ఉంచాలి. బాధ పేషెంటుది, దాచుకునే హక్కు మాది. దీన్ని మా ప్రొఫెసర్లు ముందుచూపు అనేవారు.

నాకు దొరికింది పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు మెట్లు తుడిచే ఆవిడ. పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి, చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఒకరోజు లిఫ్టు దగ్గర చెంప పట్టుకుని నిలబడితే, చదువు నేర్పిన బుద్ధి కదా, నోరు తెరవమన్నాను. కుడిపక్క దవడ పళ్లు ఒక్కటీ లేవు. ఎప్పుడో ఒక ఉచిత శిబిరంలో పీకారట. పెట్టింది ఏ కాలేజీవాళ్లో ఆమెకు గుర్తు లేదు, చేతిలో పెట్టిన అరటిపండు మాత్రం గుర్తుంది. ఎడమపక్క కింద ఒక పెద్ద పన్నుకు, పక్కపన్నును ఆనుకునే చోట పుచ్చు. మిగతాదంతా గట్టి పన్ను.

"గీ ఒక్కదాని మీదనే నములుత బిడ్డ," అంది. "ఇది గూడ పోతె ఇగ జొన్నరొట్టె మాట మరిచిపోవుడే."

ఎక్స్‌రే తీయించాను. పుచ్చు నరం దాకా పోలేదు, ఒక పూట కూర్చుని నింపితే ఏళ్ల తరబడి నిలిచే పన్ను. అప్పుడే నింపేస్తానని ప్రొఫెసర్ సంతకానికి వెళ్లాను, ఆయన సంతకం లేనిదే మేం దూది కూడా ముట్టకూడదు. ఆయన ఎక్స్‌రే లైటుకు ఎత్తి చూసి మురిసిపోయారు.

"ఇంత మంచి కేసు ఇప్పుడే చేసేస్తావా? తెలివుందా నీకు? పరీక్షకి ఎవరిని తెచ్చుకుంటావు? టెంపరరీ పెట్టి పంపించు."

"ఆవిడకి నొప్పిగా ఉంది సార్."

"నొప్పి మాత్రలు రాసివ్వు."

తాత్కాలికపు సిమెంటు పెట్టి, సంగతి అక్కకు చెప్పాను. ఆమె నాకంటే తేలిగ్గా తీసుకుంది. "నీ పరీక్షకైతె ఉంచుకుంట తియ్యి. ఇన్ని దినాలు ఓర్చుకున్న, ఇంకొన్ని దినాలు ఓర్చుకోనా ఏంది?" ఆ సిమెంటు రెండుసార్లు ఊడిపోయింది. ఊడినప్పుడల్లా ఆమె రాత్రంతా లవంగం పెట్టుకుని పడుకుని, తెల్లారి చీపురు పట్టుకునే మా తలుపు తట్టేది.

పరీక్ష దగ్గరపడ్డాక అద్దాల గదికి వెళ్లాను. కాలేజీ బస్సు మా వీధి చివరే ఆగుతుంది, సగం సీట్లు ఖాళీగా వస్తాయి, ఆ రోజు మాత్రం అక్కను నాతో ఎక్కనివ్వమని అడిగాను. మేడమ్ చాలా శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆవిడను మించినవాళ్లు లేరు.

"బస్సు ఎన్‌రోల్ అయిన స్టూడెంట్స్‌కే అండి. ఆవిడ మన స్టూడెంట్ కాదు కదా."

"ఆవిడ లేకపోతే ఈ స్టూడెంట్ పాస్ అవదు మేడమ్."

"మీరు స్ట్రెస్‌లో ఉన్నట్టున్నారు. కౌన్సెలర్‌తో స్లాట్ బుక్ చేయనా?"

ఊపిరి లోపలికి పీల్చి నెమ్మదిగా వదలమని చెప్పే స్లాటు అది. పేషెంటును వాళ్లు తేరు, మేం తెచ్చుకుంటే రానివ్వరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత ఈ గదిని చూశాకే పుట్టి ఉంటుంది. బస్సు దక్కలేదు గానీ, చల్లటి నీళ్ల సీసా ఒకటి ఇచ్చి పంపారు.

పరీక్ష రోజు నాన్న సెలవు పెట్టి మా ఇద్దర్నీ కారులో దింపారు. అక్క సూపర్‌వైజర్‌ను బతిమాలి పూట సెలవు తెచ్చుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, ఒళ్లో టిఫిన్ సంచి పెట్టుకుంది. దారిలో ఒకే మాట అడిగింది. "ఈ పొద్దు ఏసినంక రొట్టె ఎప్పటిసంది తినొచ్చు?" సాయంత్రం నుంచే తినొచ్చన్నాను. ముందు సీట్లోంచి నాన్న, "అయితే మా ఇంట్లోనే తినండి, మా ఆవిడ చేస్తుంది," అన్నారు. మా అమ్మకు జొన్నరొట్టె చేయడం రాదు.

మా కాలేజీలో పరీక్షలు బ్యాచ్‌లుగా జరుగుతాయి. ఆ రోజు పై అంతస్తులో మా బ్యాచ్ పళ్లు నింపాలి, కింది అంతస్తులో ఇంకో బ్యాచ్ పళ్లు పీకాలి. ఒకే కప్పు కింద ఒకరు నిలబెట్టడం, ఒకరు పడగొట్టడం. అక్కను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఎక్కడికీ కదలొద్దని చెప్పి, నేను లోపలికి వెళ్లాను. మా పనిముట్లు సరిచూశారు, నంబర్లు రాసుకున్నారు, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు కాఫీ వచ్చేదాకా మమ్మల్ని నిలబెట్టారు. తిరిగి వచ్చేసరికి బెంచీ మీద సంచి ఉంది, మనిషి లేదు.

మూలన స్టూలు మీద కూర్చున్న అటెండర్‌ను అడిగాను.

"కింద సర్జరీల ఒక పేషెంటు తక్కువ పడ్డడు మేడం. గా అమ్మ ఖాళీగనే కూసున్నది కదా అని తోల్కపోయిండ్రు."

"ఎవరు?"

"గా పొడుగు సార్. పరీక్షకే కదా మేడం, ఏడైతె ఏంది?"

మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. కింద వరసగా వేసిన కుర్చీల్లో మూడోదాంట్లో అక్క ఉంది, పళ్ల మధ్య దూది కరిచిపెట్టుకుని. పక్కన స్టీలు పళ్లెంలో ఆ పన్ను ఉంది. రెండు వేర్లూ విరగకుండా నిండుగా వచ్చింది, పీకినవాడికి మంచి మార్కులే పడి ఉంటాయి. అటెండర్ చెప్పిన ఆ పొడుగు సార్ నా క్లాసువాడే, మాస్కు కిందికి లాగి గుసగుసగా అన్నాడు.

"సారీ యార్. నా పేషెంట్ ఫోన్ ఎత్తలేదు. నాకు ఇంకో దారి లేదు. ఎలాగూ పుచ్చిందే కదా."

ఏప్రన్ జేబులో ఉన్న ఎక్స్‌రే తీసి అక్కడున్న సార్ ముందు పెట్టాను. నింపాల్సిన పన్ను ఇది, పీకాల్సింది కాదు అన్నాను. ఆయన ఎక్స్‌రే వైపు చూడలేదు, నా నంబరు కార్డు వైపు చూశారు. "నీ పరీక్ష పైన కదమ్మా? ఇక్కడేం చేస్తున్నావు?" అన్నారు. కంచే చేను మేస్తే చెప్పుకునేది ఎవరికి? ఆ క్షణాన ఆ పళ్లెం ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. ఈ రోజుకీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పైకి వెళ్లేసరికి నా కోసం ఇంకో పేషెంటు సిద్ధంగా ఉన్నాడు. క్యాబ్ నడిపే మనిషి, వేరే పనిమీద వచ్చి ఓపీ వరసలో నిలబడితే పట్టుకొచ్చారు. అతని పన్ను నింపాను. పని శుభ్రంగా ఉందని ఎగ్జామినర్ మెచ్చుకున్నారు. నేను పాసయ్యాను, పొడుగువాడూ పాసయ్యాడు. ఇప్పుడు కొండాపూర్‌లో అతనికి సొంత క్లినిక్కు ఉంది, పళ్లను కాపాడుకోవడం గురించి ఫోనులో వీడియోలు కూడా పెడుతుంటాడు.

పరీక్ష హాలు నుంచి నేరుగా అద్దాల గదికి వెళ్లాను. విద్యార్థుల ఫిర్యాదులు వినేది కూడా ఆ మేడమే. మొత్తం చెప్పాను. ఆవిడ మళ్లీ శ్రద్ధగా విన్నారు.

"మీకు వేరే పేషెంట్‌ని ఇచ్చారు కదండి. మరి మీకు జరిగిన నష్టం ఏమిటి?"

"నాకు కాదు. ఆమెకి."

"స్టూడెంట్ గ్రీవెన్స్ కింద అది రాదండి. పేషెంట్ ఒప్పుకున్నట్టు సంతకం కూడా పెట్టారంటున్నారు."

ఆ సంతకం ఇంగ్లీషు కాగితం కింద పెట్టించింది. అక్కకు తెలుగులోనే తన పేరు దాటి చదవడం రాదు. ఆ మాట అంటే మేడమ్ తల పక్కకు వాల్చి, చాలా బాధగా ఉందండి అన్నారు. ఆ బాధ కూడా వాళ్ల సేవల్లో ఒకటి కాబోలు.

బయట పార్కింగు దగ్గర చెట్టునీడలో అక్క కూర్చుని ఉంది. మత్తు వదిలి చెంప వాచింది. నాన్న ఎక్కడి నుంచో ఐసు తెచ్చి చేతిరుమాలులో కట్టిస్తే చెంపకు ఆనించుకుంది. నన్ను చూసి దూది తీసి పక్కన పెట్టింది, మాట్లాడొద్దంటే వినలేదు.

"అయిందా బిడ్డ పరీక్ష?"

"అయింది. ఎందుకు వెళ్లావక్కా వాళ్లతో? నింపుతానని చెప్పాను కదా. పీకుతుంటే వద్దనొచ్చు కదా."

"పరీక్షకే రా అన్నడు. అందరికి తెల్ల కోట్లే, మొకాలకు గుడ్డలే. నీ దోస్తే అనుకున్న. సూది ఏసినంక సమజైంది పీకుతున్నరని. వద్దంటె నిన్ను ఫెయిల్ జేస్తరేమో అని ఊకున్న."

తన పన్ను నా కోసమే పోయిందనుకుంటోంది ఆమె. ఆ పన్ను వల్లే నేను గట్టెక్కానని ఆమె మొహంలో తృప్తి కూడా ఉంది. ఇచ్చింది ఎవడికో, నాకు దానితో పనే పడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న మొహం తిప్పుకుని కారు తలుపు తీశారు.

ఎక్కి కూర్చున్నాక అక్క నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"పరేషాన్ గాకు. ఒకవేళ వాళ్లు నిన్ను పాస్ జెయ్యకుంటె మళ్ల పరీక్ష పెడతరు కదా. జర ముందుగాల చెప్పు, సెలవు అడుగుత. ముందరి పండ్లు ఇంక ఉన్నయి."