అల్మారాలో వంతెన వీరుడు

నిన్న నేనిప్పుడుంటున్న టౌరంగా ఊరి నుంచి వచ్చి, న్యూ లిన్ పేటలో మా అమ్మానాన్నలు పదిహేనేళ్ళుగా అద్దెకుంటున్న ఫ్లాట్‌లో, పడగ్గది గోడకు అమర్చిన పెద్ద అల్మారా తలుపు లాగాను. ముందు కలరా ఉండల ఘాటు, దాని వెనక పాత నూలు చీరల మగ్గిన వాసన, అన్నిటికంటే అడుగున ఎక్కడో మిరియాల వాసన, ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ముక్కుకు తగిలాయి. లోపలి గోడలకు మూడు వైపులా అమ్మ కుట్టిన బొంతలు మేకులతో దిగ్గొట్టి ఇంకా అలాగే ఉన్నాయి. మెట్లు లేని ఇల్లు కావాలని పాపకూర అనే పేటలో ఒకటి చూసుకున్నారు కాబట్టి ఆ మేకులన్నీ పీకి, చిల్లులు పూడ్చి, తాళాలు ఇచ్చేయాలి. ఆ పని నాకు అప్పగించారు. పీకడం మొదలుపెట్టకుండా ఆ అల్మారాలో దూరి కూర్చున్నాను.

నాకు ఏడేళ్ళప్పుడు హైదరాబాద్ నుంచి ఈ దేశానికి వచ్చాం. అమ్మకు రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని దొరికింది, నాన్నకు బ్రెడ్ ఫ్యాక్టరీలో. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి కనుబొమల మీద పిండి తుడుచుకోకుండా ఇంటికి వచ్చే ఆ మనిషి, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళు డబ్బింగ్ చెప్పాడని ఎవరికీ తెలియదు. తెలిసినా పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, ఆయనది గుంపులో గోవిందా వ్యవహారం. పెళ్ళి పందిట్లో గోల, రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంటు, విలన్ వెనక నిలబడే నలుగురిలో మూడోవాడు. ఒక సినిమాలో చచ్చేముందు "అయ్యా" అన్న కేక నాన్నదేనని అమ్మ మురిసిపోతూ చెప్పేది. నాన్న మాత్రం, "ఆ సినిమాల సచ్చినోళ్ళందరికీ నేనే," అని నవ్వేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఆయన పాత స్నేహితుడు సుధాకర్ అంకుల్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన ఒక చిన్న స్టూడియోలో డబ్బింగ్ చూసుకునేవాడు. జపాన్ వాళ్ళు తీసిన బొమ్మల సీరియల్ ఒకటి తెలుగులోకి వస్తోందని, ఇరవై ఆరు భాగాలని, హీరో గొంతు నాన్నే చెప్పాలని అన్నాడు. పేరున్నవాళ్ళు ఎందుకు చెప్పడం లేదని నాన్న అడిగితే, భాగానికి పది కేకలున్నాయని, గొంతు పోతుందని వాళ్ళు తప్పుకున్నారని దాచకుండా చెప్పాడు. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ సాయంత్రం, ఇక్కడ డెయిరీ అని పిలిచే వీధి చివరి కొట్టుకు పాలు తేవడానికి వెళ్ళి, పాలు మర్చిపోయి, నాకు రెండు ఐస్‌క్రీములు కొనుక్కొచ్చాడు.

ఆ హీరో అసలు అమెరికా వాడు. వాళ్ళ కామిక్ పుస్తకాల్లో ఇనుప ముసుగు, ఎర్ర చేతితొడుగులు వేసుకుని, పడిపోతున్న దేన్నైనా అరచేత్తో ఆపేస్తాడు. బస్సును ఆపి డ్రైవర్‌తో జోకు వేస్తాడు, క్రేన్‌ను ఆపి కన్ను కొడతాడు, ఎన్ని పుస్తకాలు వచ్చినా ఒక్క ఏడు కూడా ముసలివాడు కాడు. జపాన్ వాళ్ళు అదే ముసుగు, అవే తొడుగులు ఉంచి, మనిషిని మాత్రం పూర్తిగా మార్చేశారు. వాన పడే ఒక సముద్రపు ఊళ్ళో ఒంటరిగా ఉంటాడు, రైలు వెళ్తుంటే చూస్తూ మాట్లాడకుండా అన్నం తింటాడు, ఏదైనా ఆపేముందు ఊరంతా దద్దరిల్లేట్టు అరుస్తాడు. ఆపిన బరువు ఎక్కడికీ పోదు, అతని ఒంట్లోనే ఉండిపోతుంది. భాగం గడిచేకొద్దీ నడక కుంగుతుంది, జుట్టు నెరుస్తుంది. వాళ్ళు పెట్టిన పేర్లకు నోరు తిరగదని, మొదటి భాగంలో కూలుతున్న వంతెనను ఆపాడు కాబట్టి నాన్న అతనికి వంతెన వీరుడని పేరు పెట్టాడు. మా స్కూల్లో పిల్లలు అమెరికా వాడి పక్షం, నేనొక్కదాన్నే జపాన్ వాడి పక్షం. వాళ్ళ హీరోకు ఏడవడం రాదని నేను ఎగతాళి చేసేదాన్ని.

వారానికో భాగం చొప్పున శనివారాలు ఇంట్లోనే రికార్డు చేసి ఫైళ్ళు హైదరాబాద్‌కు పంపాలి, అల్మారా అట్లా స్టూడియో అయింది. బట్టలన్నీ సూట్‌కేసుల్లోకి పోయాయి, అమ్మ బొంతలు గోడలకెక్కాయి, లోపల ఒక స్టూలు, మైకు, లాప్‌టాప్, నా వయసు పిల్ల ముడుచుకుని కూర్చునేంత మూల. కాగితాలు తిప్పడం నా ఉద్యోగం. నాన్న ఒక్కో మాటను హీరో పెదవుల కదలికకు సరిపోయేట్టు తెలుగులో రాసుకుని, నోరు తెరుచుకునే చోటల్లా ఎర్ర పెన్నుతో చుక్క పెట్టేవాడు. జపాన్ మాటలు కూడా మనవాటిలాగే నోరు తెరిచి ఆగుతాయని, మనకోసమే గీసినట్టున్నారని సంబరపడేవాడు. నా తెలుగు చదువంతా ఆ చుక్కల కాగితాల మీదే సాగింది, ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలగడం వాటి పుణ్యమే. కేకలన్నీ చివరికి అట్టిపెట్టేవాడు, ముందే అరిస్తే మాటలకు గొంతు మిగలదని. చెప్పడానికి ముందు నా భుజం మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. అంటే కదలకు, ఊపిరి తీయకు అని. చీకట్లో బుగ్గలు పూరించుకుని నేను బిగుసుకుపోతే, ఆ వెంటనే మా నాన్న నోట్లోంచి మా నాన్న కాని మనిషి మాట్లాడేవాడు.

పై ఫ్లాట్‌లో ఉండే ముసలావిడ మొదటి శనివారమే చీపురు కర్రతో నేలను కొట్టింది. అమ్మ ఒక డబ్బా నిండా సకినాలు పట్టుకెళ్ళి, మా ఆయన పిచ్చివాడు కాదని, బొమ్మలకు మాట్లాడతాడని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీకి వెళ్ళడం అలవాటు చేసుకుంది. ఇక్కడ చలికాలమైన జూలైలో, వణికించే వానలో కుక్కర్ కుండ మీద బోనం దీపం, అక్టోబర్‌లో తంగేడు దొరక్క పక్కవాళ్ళ కంచె మీది కామెలియా పూలతో పేర్చిన బతుకమ్మ, సత్తుపిండి ముద్దలు, దీపావళికి కొద్ది రోజులు మాత్రమే అమ్మే టపాసులు, ఇవన్నీ ఆ సంవత్సరం నాకు భాగాల నంబర్లతోనే గుర్తు. బోనాలప్పుడు నాలుగు, బతుకమ్మ నాటికి పదమూడు.

తొమ్మిదో భాగంలో నాన్న గొంతు బొంగురుపోయింది. చలి అనుకున్నాం, ఫ్యాక్టరీలో పిండి అనుకున్నాం, కేకలు అనుకున్నాం. మళ్ళీ చెప్తానని నాన్న సిగ్గుపడుతూ ఫైలు పంపితే, సుధాకర్ అంకుల్ ఫోన్ స్పీకర్‌లో ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అన్నా, మస్తు కుదిరింది. వాడు లోపల్లోపల అరిగిపోతున్నట్టే ఉంది. గొంతు గిట్లనే ఉంచు, ఏం మందులు ఏస్కోకు."

ఇరవై ఏళ్ళలో నాన్నను ఎవరైనా అలా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తు, పరీక్షలో పాసైన పిల్లవాడి మొహం. ఆ రోజు నుంచి నేను ఆ బొంగురు గొంతుకు కాపలాదారునయ్యాను. అమ్మ శనివారాలు పసుపూ మిరియాలూ వేసి కాచిన పాలు స్టీలు గ్లాసులో ఇచ్చి నాన్నకు తాగించమనేది. నాన్న "పక్కకు పెట్టు బిడ్డా" అనేవాడు. చల్లారిపోయాక నేను వాటిని బాత్రూమ్ సింక్‌లో పారబోసి, గ్లాసు కడిగి తెచ్చేదాన్ని. ఒకసారి అల్మారాలోనే ఒలికింది, ఆ మరక మీద బొంత జరిపాను. మా హీరో మళ్ళీ మామూలు మనిషైపోతాడేమోనని నా భయం.

పాలతో రోగాలు పోవని నాకిప్పుడు తెలుసు, దాని గురించి నాకు బాధ లేదు. నన్ను కాల్చేది వేరే. అమ్మ షిఫ్టులన్నీ తారుమారుగా ఉండేవి, నాన్నతో ఆమె మాట్లాడేదే తక్కువ. ఒక ఆదివారం అమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ నన్ను అడిగింది.

"మీ నాన్న గొంతు ఇంకా తగ్గలేదా? బుధవారం డాక్టర్ దగ్గరికి టైమ్ తీసుకున్న."

"అది ఆక్టింగ్ అమ్మా. రికార్డింగ్ కోసం అట్ల మాట్లాడుతడు. నాతోని మామూలుగనే మాట్లాడుతడు."

నాన్న పక్కనే వంటింట్లో పప్పు తిప్పుతున్నాడు. విన్నాడు. గరిటె ఒక్కసారి ఆగింది, మళ్ళీ తిరిగింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే గొంతుకు విశ్రాంతి ఇమ్మంటారని, ఇస్తే ఆ వేషం ఇంకొకరికి పోతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అమ్మ డాక్టర్ గారి టైమ్ రద్దు చేసింది. ఆ బుధవారం మేమిద్దరం పన్నెండో భాగం కాగితాలకు చుక్కలు పెట్టుకున్నాం.

ఆ తర్వాత వచ్చిన భాగాలు ఎంత బాగున్నాయో చెప్తే సిగ్గుగా ఉంటుంది. సీరియల్‌లో వీరుడు మెట్లెక్కలేక ఆగిపోతే, అల్మారాలో నాన్న నిజంగానే ఆయాసపడేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఇరవై ఒకటో భాగంలో, కూలుతున్న స్కూలు భవనాన్ని ఆపే కేక కోసం నా భుజం మీద రెండుసార్లు తట్టి, నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తట్టాడు, మళ్ళీ గాలే వచ్చింది. మూడోసారి దగ్గి, అరచెయ్యి చూసుకుని, నాకు కనబడకుండా గుప్పిట మూశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎన్నాళ్ళ నుంచి గొంతు ఇలా ఉందని అడిగింది. అమ్మ ఈమధ్యనేనంది. నాకు సరిగ్గా తెలుసు, తొమ్మిదో భాగం నుంచి. పన్నెండు వారాలు. నోరు మెదపలేదు. అరవడం వల్ల వచ్చింది కాదని, గొంతులో గడ్డ అని, మొదట్లోనే వచ్చి ఉంటే ఒక్క రేడియేషన్‌తో గొంతు నిలిచేదేమోనని, ఇప్పుడు స్వరపేటిక తీసేయక తప్పదని ఆమె నెమ్మదిగా, మంచిగానే చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో పదేళ్ళకే నేర్చుకున్నాను. నాన్న ప్రాణం దక్కింది. మెడ మీద చిల్లు, దానికి అడ్డంగా చిన్న గుడ్డ, చేతిలో ఒక తెల్ల పలక మిగిలాయి. మెడకు ఆనించి మాట్లాడే మిషన్ ఇచ్చారు. అందులో కోపమూ ముద్దూ ఒకేలా వినబడతాయని, ఆయన దాన్ని దుకాణాల్లో తప్ప వాడడు.

ఆగిపోయిన ఆ కేకకూ, మిగిలిన అయిదు భాగాలకూ స్టూడియో వాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆయన ఎవరో నాన్న బొంగురును అచ్చంగా అనుకరించాడు. చివరి భాగం ముగ్గురం సోఫాలో కూర్చుని చూశాం. అమెరికా పుస్తకాల్లో ఎన్నడూ చావని ఆ మనిషి, జపాన్ వాళ్ళ చేతిలో సముద్రాన్ని ఆపి, తిరిగి రాలేదు. ఆ ఆఖరి కేకకు నాన్న పెదవులు కదిపాడు, చుక్క పెట్టాల్సిన చోటల్లా సరిగ్గా. తర్వాత లేచి వెళ్ళి గిన్నెలు కడిగాడు.

నిన్న అల్మారాలో కూర్చుని నా ఫోన్లో ఆ భాగాలన్నీ ఒక్కొక్కటి తిరగేశాను. ఇరవై ఒక్క భాగాల నిండా వంతెన వీరుడున్నాడు, మా నాన్న లేడు. మాటకూ మాటకూ మధ్య ఆయన నాతో అన్న "పేజీ తిప్పు బిడ్డా", "చలి పెడుతుందా", "ఆకలైతుందా", అన్నీ తనే శుభ్రంగా కత్తిరించి పారేశాడు, పని నీటుగా ఉండాలని. పెళ్ళి వీడియోలో గొంతుల మీద బాజాలున్నాయి. పాత ఫోన్లు ఎప్పుడో పోయాయి. నేను సింక్ దగ్గర నిలబడి రాకుండా కాపలా కాసిన ఆ మామూలు గొంతు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే వీరుడే పలుకుతున్నాడు.

మధ్యాహ్నం నాన్న గదిలోకి వచ్చినప్పుడు, అమ్మతో ఆ ఆదివారం నేను చెప్పిన అబద్ధం గురించి మొదటిసారి ఎత్తాను. ఆయన పలక తీసుకుని, "ఆ పాత్ర నాకు కావాలనిపించింది. నువ్వు చిన్నపిల్లవి," అని రాశాడు. కాసేపు చూసుకుని, చేత్తో చెరిపేసి, మేకులు పీకే సుత్తి తేవడానికి బయటికి వెళ్ళాడు. నేను లోపలికి జరిగి తలుపు దగ్గరికి లాక్కున్నాను. ఆ చీకట్లో, ఆ మిరియాల వాసనలో, ఎంతసేపు ఉన్నానో తెలియదు.

నాన్న తిరిగి వచ్చి, నన్ను పిలవడానికి, తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. నేను బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాను. గొంతు వినబడేదాకా వదలకూడదు కదా, అలాగే కూర్చున్నాను.