రీలింగు ముల్లు దిగే వేళ

మా చిన్నాయన పోయినాడని సూలూరు నుంచి తంతి వచ్చింది. నేను మదురైలో బస్సెక్కి చేరేసరికి దహనం అయిపోయింది. ఇరుగుపొరుగువాళ్లే అన్నీ చూసుకున్నారు. ఆయనకు పిల్లలు లేరు. చిన్నమ్మ ఎప్పుడో పోయింది.

చిన్నాయన నూలు మిల్లు పవర్‌హౌస్‌లో మీటర్లు చూసేవాడు. ఆ రోజుల్లో మిల్లు తన కరెంటు తనే ఆయిల్ ఇంజన్‌తో తయారు చేసుకునేది. నల్లరాతి పలక మీద ఇత్తడి అంచుల గుండ్రటి మీటర్లు, ఒక్కో విభాగానికి ఒకటి. ఏ విభాగం ఎంత కరెంటు లాగుతోందో అందులోని ముల్లు చూపేది. అది ఒక్కోసారి పట్టేస్తుందని, చదివేముందు అద్దాన్ని గోటితో మెల్లగా తట్టేవాడు.

"తట్టకుండా నమ్మరాదు అమ్మిణీ," అనేవాడు నాతో.

నేనూ చిన్నమ్మా రీలింగులో నూలు చుట్టేవాళ్లం. మధ్యాహ్నం సాపాటుకు మిషన్లు ఆపి, చేతులు కడుక్కుని మేము వెళ్లేసరికి ఆయన సైకిల్ షెడ్డు నీడలో కూర్చుని ఉండేవాడు.

"అదెట్ల మాకంటే ముందే వస్తిరి?" అంది చిన్నమ్మ ఒకనాడు.

"మీ ముల్లు దిగె కదా. నువ్వు లేస్తివని నాకు తెలవదా?"

చిన్నమ్మ తల వంచుకుని ఆయన అన్నంలో ఇంకొంచెం సాంబారు పోసింది.

ఆమె జ్వరంతో పోయింది. ఆయన తిరిగి పనిలోకి వచ్చిన రోజు, సాపాటు పెట్టుకుని షెడ్డులో కాచుకున్నాను. రాలేదు. వెళ్లి చూస్తే, రీలింగు మీటరు ముందు నిలబడి అద్దం తడుతున్నాడు. ముల్లు కిందే ఉంది.

"సాపాటు ఆరిపోతాది చిన్నాయనా, రా."

"ముల్లు దిగితే కాళ్లు తామే లేస్తాయి అమ్మిణీ. పోతే ఆడ ఆమె ఉండదే. ఈ పని ఇంక నావల్ల కాదు."

ఆ వారమే ఫోర్‌మేన్‌ను అడిగి ఇంజన్‌కు నూనె పోసే పనికి మారాడు. మీటర్ల బోర్డు ముందు నిలబడినవాడు నూనెగుడ్డ పట్టాడేమని తోటివాళ్లు నొచ్చుకున్నారు. ఆయన ఎవరికీ కారణం చెప్పలేదు. ఏళ్ల తరబడి ఆ ఇంజన్ చప్పుడులో ఉండి ఆయన చెవులు పోయాయి.

పెళ్లయి నేను మదురై వచ్చేశాను. చూడ్డానికి వెళ్లినప్పుడు గట్టిగా అరిచి చెప్పేదాన్ని. నా నోటివంక చూసి నవ్వేవాడు. నా పిల్లల పేర్లు ఆయనకు వినబడ్డాయో లేదో నాకు తెలియదు.

పోయినసారి నన్ను బస్సెక్కించి, కిటికీ కింద నిలబడ్డాడు.

"డ్రైవరు ఇంజన్ వేసినాడా?" అని అడిగాడు.

తల ఊపాను. ఆయన అరచేయి బస్సు రేకుకు ఆనించాడు. అదురు తెలిసినట్టుంది, మొహం విప్పారింది. బస్సు కదిలింది. రేకు పొడవునా జారిన ఆయన చేయి, బస్సు దాటిపోయాక కూడా గాలిలో అలాగే నిలిచి ఉంది.