కురచ చేసిన మాట

ఆ శుక్రవారం నేను ఒక మనిషి మాటను తప్పుగా చెప్పాను. పొరపాటున కాదు, తెలిసే చెప్పాను. సౌదీలో, జుబైల్‌లోని మా లేబర్ క్యాంపు భోజనాల హాల్లో, జుమ్మా నమాజు అయ్యాక, రెండు వందల మంది దాకా కూర్చుని ఉండగా చెప్పాను.

కువైట్ యుద్ధం ఆగి కొద్ది వారాలే అయింది. అక్కడ చమురు బావులు ఇంకా కాలుతుండేవి. ఉతికి ఆరేసిన చొక్కా మీద సాయంత్రానికి నల్లటి మసి పడేది. సైరన్లు మోగడం మానేసినా, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మెస్సులో పళ్లేల చప్పుడంతా ఒక్క క్షణం ఆగిపోయేది. యుద్ధమప్పుడు కంపెనీ సెలవులన్నీ ఆపేసింది. ఇప్పుడు విడతలు విడతలుగా పంపుతామంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లిస్టు తయారు చేయడానికి కూలీల తరఫున ఒకణ్ణి ఎన్నుకోమన్నాడు క్యాంపు బాస్. ఆయనది లెబనాన్. "మా దేశంలో పదిహేనేళ్లు తుపాకీ ఉన్నవాడే పెద్ద. ఇప్పుడు ఓట్లు పెడతారట. నిజాయితీ ఉన్నవాణ్ణి ఎట్లా పట్టుకుంటారో మీరైనా నాకు చూపించండి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

పోటీలో ఇద్దరు నిలబడ్డారు. ఇద్దరూ తెలంగాణ వాళ్లే. ఒకతను జగిత్యాల వైపు రిగ్గర్, క్రేన్ కింద నిలబడి చేతులతో సైగలు చేస్తూ బరువులు ఎత్తించే మనిషి. ఉర్దూ రెండు ముక్కలు మించి రాదు. రెండో అతను నిజామాబాద్ వైపు టైంకీపర్. ఉర్దూ బాగా వచ్చు, నవ్వించడమూ వచ్చు.

నాది కడప. ఆఫీసులో టైపు పని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. కాబట్టి రిగ్గర్ మాటలను హాల్లో ఉన్న పాకిస్తానీలకు, బెంగాలీలకు, బీహారీలకు ఉర్దూలో చెప్పే పని నామీద పడింది. మిగతా తెలుగువాళ్లంతా ఆ మధ్యాహ్నం ప్లాంటులో డ్యూటీలో ఉన్నారు. వాళ్లు ఉదయమే ఓటేసి వెళ్లారు. అంటే ఆ హాల్లో రెండు భాషలూ బాగా తెలిసినవాళ్లం నేను, టైంకీపర్, ఇద్దరమే.

ముందురోజు టైంకీపర్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"భాయ్, నేను గెలిస్తే ఫస్ట్ లిస్టుల నీ పేరుంటది. బిడ్డను సూడలేదంటివి గద."

నా కూతురు పుట్టి పదకొండు నెలలు. ఫొటోలో తప్ప చూడలేదు.

"నాది సరేప్పా. రేపు ఆయన మాటలు గూడా నేనే చెప్పల్ల కదా" అన్నాను.

"చెప్పు. ఎవలద్దన్నరు? జెర కురచ చెయ్యి, అంతే."

నేను ఔననలేదు, కాదనలేదు. అతనికి అది చాలింది.

నాకు ఆ ఇద్దరి సంగతీ తెలుసు. యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా రిగ్గర్ షెల్టరు గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టేవాడు. లెక్క సరిపోయేదాకా తలుపు వేయనిచ్చేవాడు కాదు. లోపలున్న మేము తిట్టేవాళ్లం. టైంకీపర్ మొదటి వారంలోనే ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌కు వెళ్లిపోయాడు. క్షిపణులు అంత దూరం రావు. కంపెనీ పని మీద వెళ్లాడని అందరూ అనుకున్నారు. అక్కడికి పంపమని అతను తనంతట తానే బతిమాలుకున్న ఉత్తరాన్ని టైపు చేసింది నేను.

ఆ శుక్రవారం టైంకీపర్ ముందు మాట్లాడాడు. అందరినీ ఎండాకాలం లోపు ఇంటికి పంపిస్తానన్నాడు. చప్పట్లు మోగాయి. అన్ని రోజుల భయం తర్వాత మా అందరికీ కావలసింది అదే, ఎవరో ఒకరు అవుతుందని చెప్పడం. తర్వాత రిగ్గర్ లేచాడు.

"అయితదో కాదో తెల్వకుంట అయితదని నేను చెప్ప. లిస్టు గోడకు అతికిస్త. ఎవని పేరు ఎందుకు ముంగటున్నదో పక్కన రాపిస్త. నా పేరు ఆఖరుకు. కంపెనీ ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే మీకు చెప్త. తప్పు జేస్తే నా మొఖం మీదనే అడుగుండ్రి."

నావైపు చూసి, చెప్పు సాబ్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

"కెహతా హై, మేరే హాథ్ మే కుఛ్ నహీ. జో కంపెనీ బోలేగీ, వహీ హోగా" అన్నాను. నా చేతుల్లో ఏమీ లేదు, కంపెనీ చెప్పిందే జరుగుతుంది అంటున్నాడని.

ముందు వరసలో ఒక బెంగాలీ వెల్డర్ కూర్చున్నాడు. రిగ్గర్‌తో కలిసి పనిచేసేవాడు. అతను తల పైకెత్తి, "వో ఇత్నా లంబా బోలా, తుమ్ ఇత్నా ఛోటా బోలా?" అన్నాడు. అతను అంత పొడుగు చెప్పాడు, నువ్వు ఇంతేనా అని.

"తెలుగూ లంబీ జబాన్ హై, భాయ్" అన్నాను. తెలుగు పొడుగు భాష అని. హాలంతా నవ్వింది. ఏమన్నానో తెలియని రిగ్గర్ కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

టేబుల్ మీద రెండు హెల్మెట్లు పెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి తమకు నచ్చినవాడి హెల్మెట్లో ఒక నట్టు వేయాలి. వెల్డర్ కాసేపు ఆగి, టైంకీపర్ హెల్మెట్లో వేశాడు. టైంకీపర్ గెలిచాడు.

మొదటి లిస్టులో నా పేరు రెండోది. గోడకు అతికించలేదు, టైపు చేసిన కాగితం నా సొరుగులోనే ఉంది. అప్పుడే బంగ్లాదేశ్ తీరాన్ని తుఫాను ముంచేసిందని రేడియోలో వచ్చింది. వెల్డర్ ఊరు ఆ తీరంలోనే. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మూడు రోజులు టెలిఫోన్ బూత్ దగ్గర నిలబడ్డాడు, లైను కలవలేదు. నాలుగో రోజు నా దగ్గరికి వచ్చి దరఖాస్తు రాయమన్నాడు. రాసి, అతన్ని వెంటబెట్టుకుని టైంకీపర్ దగ్గరికి వెళ్లాను.

"అయ్యో పాపం. ఫస్ట్ లిస్టు బాస్ సంతకమైపాయె. రెండో దాంట్ల సూద్దం" అన్నాడు టైంకీపర్.

సంతకం కాలేదని నాకు తెలుసు. ఆ కాగితం ఉన్న సొరుగు తాళంచెవి నా జేబులోనే ఉంది. దరఖాస్తు అతని టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

బయటికి వచ్చాక వెల్డర్ అన్నాడు, తప్పు మాదేనని. "యే బోలా కరేగా. వో తో ఖుద్ బోలా థా, మేరే హాథ్ మే కుఛ్ నహీ." ఇతను చేస్తానన్నాడు, అతనైతే తన చేతిలో ఏమీ లేదని తానే చెప్పుకున్నాడు, ఇంకెవరికి వేస్తాం అని నన్నే అడిగాడు. తాను అనని మాటకు రిగ్గర్ ఓడిపోయాడు. ఆ మాటను నమ్మినందుకు ఇతను తనను తానే తిట్టుకుంటున్నాడు.

అప్పటికైనా చెప్పాల్సింది. ఇంకో రెండు రోజులు చెప్పలేదు. నా కూతురి ఫొటో తీసి చూసుకుంటూ, ఒక్క సీటుతో ఆ తుఫాను ఏమైనా ఆగుతుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు ఉదయం వెల్డర్ పనికి వెళ్లకుండా బస్సు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. వెల్డింగు ముసుగు నెత్తిన అలాగే ఉంది. నేను సొరుగు తీసి, లిస్టులో నా పేరు కొట్టేసి, ఆ కాగితంతో బాస్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

ఆయన ఆ కాగితాన్ని మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. "నాకు కాదు. ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్లకు చెప్పు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే అందరినీ హాలుకు పిలిపించాడు. ఈసారి తెలుగువాళ్లు కూడా వచ్చారు.

రిగ్గర్ అన్న ప్రతి మాటా ముందు తెలుగులో, తర్వాత ఉర్దూలో చెప్పాను. రాబిగ్ ఉత్తరం సంగతీ చెప్పాను. లిస్టులో నా పేరు ఎందుకుందో చెప్పాను. వెనక నుంచి ఒక పాకిస్తానీ ఫిట్టర్, "ఆజ్ తో సచ్‌ముచ్ లంబీ నికలీ" అన్నాడు, ఇవాళ నిజంగానే పొడుగు భాషగా తేలిందని. ఈసారి ఎవరూ నవ్వలేదు. టైంకీపర్ లేచి, "సీటు కోసం నువ్వు గాదా అమ్ముడువోయింది?" అన్నాడు. అవును, నేనే అన్నాను.

రిగ్గర్ నా దగ్గరికి వచ్చి, "నా మాటను గట్లెందుకు జేసినవ్ సాబ్?" అని మాత్రం అడిగాడు.

మళ్లీ ఓట్లు పెట్టారు. రిగ్గర్ గెలిచాడు. మర్నాడు లిస్టు గోడ మీదికి వచ్చింది. మొదటి పేరు వెల్డర్‌ది, పక్కన 'తుఫాను, ఇంటి నుంచి కబురు లేదు' అని ఉంది. నా పేరు అట్టడుగున పెట్టమని రిగ్గర్‌ను అడిగాను.

"శిక్షలెయ్యనీకి నన్ను ఎన్నుకోలె. బిడ్డను సూడలేదని రాస్త. నీ వరుస ఎప్పుడొస్తే అప్పుడే పో."

నా వరుస చలికాలంలో వచ్చింది.

వెల్డర్ వెళ్లిన నెలకు క్యాంపులో ఉన్న అతని ఊరివాడొకడికి ఉత్తరం వచ్చింది. భార్య, పెద్దపిల్ల ఒక బడిలో తలదాచుకుని ఉండగా దొరికారు. చిన్నపిల్ల దొరకలేదు. నేను పోగొట్టిన ఆ రోజుల్లో అతను అక్కడుంటే ఏమైనా మారేదో లేదో నాకు తెలియదు. అతను క్యాంపుకు తిరిగి వచ్చాక అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత జరిగిన మీటింగుల్లో కూడా రిగ్గర్ నన్నే ఉర్దూలోకి చెప్పమన్నాడు. నేను ఒక్కటే కోరాను. రెండు భాషలూ వచ్చిన హైదరాబాద్ డ్రైవర్ ఒకతను నా పక్కన నిలబడాలి. నేను ఎక్కడైనా మాట మింగితే అక్కడే, అందరి ముందే ఆపాలి. క్యాంపులో ఉన్న మూడేళ్లూ అలాగే జరిగింది. ఒక వాక్యం చెప్పి ఆగేవాణ్ణి. అతను తల ఊపితేనే రెండోది మొదలుపెట్టేవాణ్ణి.